విమానం ఎవరి చేతిలో ఉండాలి?

తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే ఒకటుంది. బ్రిటిష్ వాళ్ళు వేసి, యుద్ధం అయ్యాక వదిలేసి పోయారు. తెల్లారగట్ల ఊళ్ళోవాళ్ళు దాని మీద నడకకి వస్తారు. మా పెదనాన్న, మావయ్య కూడా వస్తారు. పెదనాన్న ఆర్టిలరీలో ఇరవై ఎనిమిదేళ్ళు చేసి సుబేదారుగా ఇంటికొచ్చారు. మావయ్య మా పెద్దమ్మకి తమ్ముడు. ఎయిర్‌ఫోర్సులో ఇంజన్ ఫిట్టరుగా చేరి వారెంట్ ఆఫీసరుగా రిటైరయ్యారు. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి వంగి, సిమెంటు మీదున్న గులకరాయి ఏరి గట్టు మీదికి విసురుతారు. రన్‌వే మీద రాయి ఉంటే ఇంజన్ పీల్చుకుంటుంది, బ్లేడ్లు పోతాయి. ఇక్కడ ఏ విమానమూ దిగదని ఆయనకీ తెలుసు. చెయ్యి ఊరుకోదు.

ఇది 2025 అక్టోబరు మాట. మిగ్-21లు చండీగఢ్‌లో సెలవు తీసుకుని నెల కూడా కాలేదు. థియేటర్ కమాండ్ల గురించి ఆ రోజు పేపర్లో వచ్చింది. సరిహద్దుని కొన్ని రంగాలుగా విడదీసి, ఒక్కో రంగంలో ఉన్న కాల్బలం, విమానాలు, ఓడలు అన్నీ ఒకే కమాండర్ కింద పెట్టాలన్న ఆలోచన అది. ఇద్దరికీ అక్కడే రాజుకుంది. నేను మధ్యలో నడిచాను. ఇంటికొచ్చి, గుర్తున్నంత మేరకు రాసి పెట్టుకున్నాను.

పెదనాన్న: ఎన్నాళ్ళని నాన్చుతారయ్యా? యుద్ధం నేల కోసం. చివరికి జెండా పాతేది నేల మీదే. ఆ నేల మీద కొట్లాడేవాడి చేతిలో ఫిరంగి ఎలా ఉందో, విమానమూ అలాగే ఉండాలి. త్రిదళాధిపతిగా ఉన్న జనరల్ రావత్ 2021లో ఆ మాటే అన్నారు. ఆర్టిలరీ, ఇంజనీర్ల లాగే ఎయిర్‌ఫోర్సూ సైన్యానికి తోడు నిలిచే అంగమే అన్నారు.

మావయ్య: అన్నారండి. ఆ రోజే మా చీఫ్ భదౌరియా గారు కాదని కూడా అన్నారు. బావగారూ, మీరు అడిగేది కొత్తదేం కాదు. మేం పుట్టిందే అలా. 1932 అక్టోబరు 8న చట్టం ప్రకారం ఎయిర్‌ఫోర్సు పుట్టింది. 1933 ఏప్రిల్ 1న కరాచీ డ్రిగ్ రోడ్డులో మొదటి స్క్వాడ్రన్‌కి ఒక ఫ్లైటు ఏర్పడింది. నాలుగు వాపిటీ విమానాలు, ఆరుగురు ఆఫీసర్లు, పంతొమ్మిది మంది హవాయి సిపాయిలు. పేరు చూడండి, హవాయి సిపాయి! గాలిలో ఉన్నా సిపాయే. వాళ్ళకి అప్పజెప్పిన పని సైన్యానికి సాయం చెయ్యడం. వజీరిస్తాన్ కొండల్లో మీ వాళ్ళు నడుస్తుంటే పైనుంచి దారి చూసి చెప్పడం.

పెదనాన్న: అందులో తప్పేముంది? పని జరిగింది కదా.

మావయ్య: ఆ పనికి అది చాలింది. ఎదురుగా శత్రు విమానం లేదు. తెగల వాళ్ళ చేతిలో తుపాకులే. విమానానికి విమానం ఎదురుపడ్డ రోజున లెక్క మారిపోతుందండి. అందుకే 1947లో మొదటి అధిపతిగా వచ్చిన ఎల్మ్‌హర్స్ట్, ఆంగ్లేయుడే అయినా, ఎయిర్‌ఫోర్సు సైన్యం కింద కాకుండా దాని కాళ్ళ మీద అది నిలబడాలని పట్టుబట్టాడు. ఆ వాపిటీలు నడిపినవాళ్ళలో ఒకరైన సుబ్రతో ముఖర్జీ 1954లో మొదటి భారతీయ అధిపతి అయ్యారు. సైన్యానికి తోక కాకుండా వాళ్ళు నిలబెట్టినదాన్ని మళ్ళీ డ్రిగ్ రోడ్డుకి తోలుకెళ్తారా?

పెదనాన్న: శ్రీనగర్ సంగతి చెప్పు మరి. 1947 అక్టోబరు 27న పొద్దున్నే డకోటా రవాణా విమానాలు ఎగిరి సిఖ్ బెటాలియన్‌ని శ్రీనగర్‌లో దింపాయి. కాశ్మీరు దక్కిందంటే ఆ పొద్దుటి వల్లే. మరుసటేడు మేలో మీ పైలట్ మెహర్ సింగ్ మా జనరల్ తిమ్మయ్యని ఎక్కించుకుని, డకోటాలో హిమాలయాలు దాటి లేలో దిగాడు. సైన్యానికి సాయం చేసిన రోజే కదా మీ గొప్ప రోజు!

మావయ్య: దానికి నేను దండం పెడతాను. మెహర్ సింగ్ పేరు చెబితే మా మెస్సులో ఇప్పటికీ లేచి నిలబడతారు. అయితే ఆ డకోటాల్ని ఏ జిల్లా కమాండరు కిందో ముక్కలుగా పంచి పెట్టి ఉంటే, ఒక్క రాత్రిలో అన్నిటినీ ఢిల్లీలో పోగెయ్యగలిగేవారా అండి? రవాణా సంస్థల విమానాలు కూడా లాక్కొచ్చారు. మొత్తం ఒక చేతిలో ఉంది గనక ఒక చోటికి విసరగలిగారు.

ఇక్కడ ఇద్దరూ కాసేపు 1962 చైనా యుద్ధం గురించి మాట్లాడారు, తొందరగానే వదిలేశారు. సామాన్లు మోసే విమానాలు, హెలికాప్టర్లు తప్ప యుద్ధ విమానాల్ని దింపలేదు. చైనా తిరిగి మన నగరాల మీద బాంబులేస్తుందన్న భయంతో ఆపింది ప్రభుత్వం. ఆ తప్పు తమది కాదన్న దాంట్లో ఇద్దరికీ తేడా లేదు. 1965 దగ్గరికి వచ్చేసరికి నడక ఆగిపోయింది.

పెదనాన్న: ఛాంబ్. సెప్టెంబరు 1. పాకిస్తాన్ ట్యాంకులు తెల్లారేసరికే వచ్చి పడ్డాయి. మీ విమానాలు ఎప్పుడు లేచాయి? సాయంత్రం ఐదు దాటాక!

మావయ్య: అడిగింది ఎప్పుడండి? మధ్యాహ్నం దాటాక మీ జనరల్ చౌదురి గారు వచ్చి రక్షణమంత్రి చవాన్ గారిని అడిగారు. ఆయన సరేనన్నాక గంట తిరక్కుండా పఠాన్‌కోట్ నుంచి లేచాయి. ఏవి లేచాయి? వాంపైర్లు! అప్పటికే ముసలివైపోయాయి. పాకిస్తాన్ సేబర్ జెట్ల ముందు పావురాల్లాంటివి. నాలుగు కూలిపోయాయి. అంతకన్నా బాధ ఏంటంటే, కొన్ని బాంబులు మన ట్యాంకుల మీదే పడ్డాయి. కింద ఎవరెక్కడున్నారో పైలట్‌కి చెప్పేవాడు లేడు. ముందురోజు నుంచే మీరూ మేమూ ఒక మ్యాపు ముందు కూర్చుని ఉంటే అలా అయ్యేది కాదు.

పెదనాన్న: నేననేదీ అదే! ఒక మ్యాపు, ఒక కమాండరు.

మావయ్య: ఒక మ్యాపు అన్నానండి. ఒక కమాండరు అనలేదు.

పెదనాన్న: పఠాన్‌కోట్ అన్నావు కదా. ఆరో తారీకు సాయంత్రం అక్కడే నేల మీద నిలబెట్టిన పది విమానాలు తగలబెట్టి పోయారు. ఇది ఎవరి తప్పు?

మావయ్య కాస్త ఆగారు. ఆ తప్పుకి సాకు వెతకలేదు. నాకు ఆయనలో నచ్చేది ఇదే.

మావయ్య: మాదే. వచ్చిన విమానాలు తిరిగి నింపుకుంటూ వరసగా నిలబడి ఉన్నాయి. పైన కాపలా లేదు. నేను చేరిన కొత్తలో ట్రైనింగులో మా ఇన్‌స్ట్రక్టరు ఆ సాయంత్రం గురించి చెప్పి, విమానాన్ని ఎప్పుడూ పక్కపక్కన పెట్టొద్దని నేర్పాడు. తర్వాత కట్టిన కాంక్రీటు గూళ్ళన్నీ ఆ సాయంత్రం నుంచి పుట్టాయి. ఇంకోటి కూడా పుట్టింది. అప్పుడు ఉపాధిపతిగా ఉండి అంతా చూసిన పి.సి. లాల్ గారు 1969లో చీఫ్ అయ్యారు. వాయుసేన పనులకి ఒక వరస పెట్టారు. మొదటిది మన ఇంటి ఆకాశాన్నీ స్థావరాల్నీ కాపాడుకోవడం. రెండోది సైన్యానికీ నేవీకీ సాయం. దూరపు లక్ష్యాల మీద బాంబులు ఆ తర్వాతే. మీ సైన్యం కోర్ హెడ్‌క్వార్టర్లలో మా వాళ్ళని రేడియోలతో కూర్చోబెట్టారు. 1971 వచ్చేసరికి షిల్లాంగ్‌లో ఉన్న మా తూర్పు కమాండు కలకత్తా ఫోర్ట్ విలియంలో, మీ కమాండరు పక్కనే, ఒక కార్యాలయం తెరిచింది. ఎవరి యూనిఫామూ మారలేదు. కుర్చీలు దగ్గరికి జరిగాయి.

పెదనాన్న: 1971 అంటే నాకు లోంగేవాలా. మేజర్ చాంద్‌పురి దగ్గర ఉన్నది ఒక కంపెనీ. ఎదురుగా ట్యాంకుల దండు. రాత్రంతా పట్టుకుని ఉన్నారు. డిసెంబరు 5 తెల్లారగానే జైసల్మేర్ నుంచి హంటర్ విమానాలు వచ్చి ఇసకలో ట్యాంకుల్ని ఏరి ఏరి కొట్టాయి. కింద ఉన్నవాడికి ఆ ఇంజన్ చప్పుడు ఎలా ఉంటుందో నీకు తెలీదు. దేవుడొచ్చినట్టు ఉంటుంది.

మావయ్య: అంతకంటే గొప్ప మాట మాకు ఎవరూ చెప్పలేదు బావగారూ. ఇంకోవైపు కూడా చూడండి. గుప్పెడు హంటర్లు పొద్దస్తమానం తాపీగా తిరిగి కొట్టగలిగాయంటే, వాటిని తరమడానికి ఒక్క పాకిస్తాన్ విమానం రాలేదు కాబట్టి. వచ్చి ఉంటే ఛాంబ్ అయ్యేది. తూర్పున ఢాకా దగ్గర వాళ్ళకి ఒక్క స్క్వాడ్రన్ సేబర్లు ఉన్నాయి. మిగ్-21లు తేజ్‌గావ్ రన్‌వేకి నిలువునా గోతులు పెట్టాక అవి ఇక లేవలేదు. ఆ తర్వాతే కదండీ మీ వాళ్ళు హెలికాప్టర్లలో మేఘనా నది దాటింది, 11న తంగైల్‌లో పారాచూట్లతో దిగింది? రన్‌వే పగలగొట్టడం పైకి సాయంలా కనపడదు. ఏ బెటాలియనూ అడగదు. అడిగినవాడికి అడిగినంత అన్నట్టు విమానాల్ని పంచేస్తే, తేజ్‌గావ్ ఎవరి ఖాతాలో ఉంటుంది?

ఈ మాట నాకు తగిలింది. మీద ఆకాశం ఖాళీగా ఉండటం కింద ఉన్నవాడికి అందిన సాయమే. కాకపోతే అది అతనికి వినపడదు. పెదనాన్న దీనికి నేరుగా జవాబు చెప్పలేదు. లెక్కలోకి దిగారు.

పెదనాన్న: సరే, మీ ఇల్లు ఎలా ఉందో చూద్దాం. నీకు ఏడు కమాండులు. ఢిల్లీ, గాంధీనగర్, ప్రయాగరాజ్, షిల్లాంగ్, తిరువనంతపురం. శిక్షణకి బెంగళూరు, మరమ్మతులకి నాగపూర్. మాకు ఏడు, నేవీకి మూడు. మొత్తం పదిహేడు. ఇప్పుడు జత కలుపు. మా ఉత్తర కమాండు ఉధంపూర్, పడమటిది చండీమందిర్. ఆ రెండింటికీ ఎదురుపడే మీ కమాండు ఢిల్లీలో. మా మధ్య కమాండు లక్నో, మీది ప్రయాగరాజ్. మాది పుణె, మీది తిరువనంతపురం. ఒక్క జత అయినా ఒక ఊళ్ళో ఉందా? చైనా వాడు 2016లో తన సైన్యాన్నంతా ఐదు థియేటర్లు చేసి పారేశాడు. లదాఖ్ నుంచి అరుణాచల్ దాకా మనకి ఎదురుగా వాడికి ఒకే కమాండరు. ఆయన ఒక ఫోన్ చేస్తే అయ్యే పనికి మనం ఎన్ని ఫోన్లు చెయ్యాలి?

మావయ్య: ఊళ్ళు కలవకపోవడం తప్పే. దాన్ని నేను వెనకేసుకురాను. మా వాళ్ళకి రాడార్లు, ఎయిర్‌ఫీల్డులు ఎక్కడుంటే అక్కడ, మీ వాళ్ళకి కంటోన్మెంట్లు ఎక్కడుంటే అక్కడ, అలా పడిపోయాయి. అయితే చైనా వాడికున్న విమానాలెన్ని, మనకున్నవెన్ని? మనకి మంజూరైనవి 42 ఫైటర్ స్క్వాడ్రన్లు. మిగ్-21 వెళ్ళిపోయాక మిగిలినవి 29. స్క్వాడ్రన్‌కి పదహారు, పద్ధెనిమిది విమానాలు. వాడు ప్రతి రంగానికీ ఒక వంట చేసి పెట్టుకోగలడు. మన గిన్నె ఒక్కటే.

పెదనాన్న: ఉన్నదాన్నే మూడు థియేటర్లకీ మూడు భాగాలు చేసుకుంటాం.

మావయ్య: చేద్దాం రండి. గాలిలో ఇంధనం నింపే ట్యాంకర్లు ఆరు, ఆగ్రాలో. పెద్ద రాడార్ మోసే ఫాల్కన్లు మూడు. ఆరిట్లో ఎప్పుడూ ఒకటో రెండో మా ఫిట్టర్ల చేతిలో హ్యాంగర్లోనే ఉంటాయి, అది నేను చేసిన పనే. మిగిలిన నాలుగూ మూడు థియేటర్లకి ఎలా పంచుతారు? పంచాక పడమర థియేటర్ కమాండరు ఒకటి తూర్పుకి ఇస్తాడా? ఇవ్వడండి. ఆయన చెడ్డవాడని కాదు. తన రంగంలో యుద్ధం వస్తే జవాబు చెప్పాల్సినవాడు ఆయనే. ఏ కమాండరైనా తన దగ్గరున్నది గుప్పిట్లో పెట్టుకుంటాడు.

ఇంకో సంగతి. తంజావూరులో 2020లో సుఖోయ్ స్క్వాడ్రన్ పెట్టారు, బ్రహ్మోస్ క్షిపణితో, సముద్రం మీద ఓడల్ని కొట్టడానికి. అది ఏ థియేటర్ది? సముద్రానిది అంటారు. గాలిలో ఇంధనం పోస్తే అదే విమానం అదే రోజు లదాఖ్ మీద ఉంటుంది. మన బాపట్ల జిల్లాలో కొరిశపాడు దగ్గర హైవేనే రన్‌వేగా సిద్ధం చేసి 2022 డిసెంబరులో విమానాల్ని తెచ్చి చూశారు కదా. ఎందుకు? విమానానికి ఊరు లేదు బావగారూ. దాని బలమే అది. దాన్ని తీసుకెళ్ళి ఒక రంగానికి గుంజకి కట్టేస్తానంటే ఎలా?

పెదనాన్న: ఇవ్వలేం, ఇవ్వలేం అని ప్రతిసారీ ఇలాగే అన్నారు. 1976లో సముద్రం మీద నిఘా విమానాల్ని నేవీకి ఇచ్చారు. నేవీ ఆ పనిని ఎంత బాగా పెంచిందో చూశావు. 1986లో మా ఆర్మీ ఏవియేషన్‌కి చీతాలు, చేతక్‌లు ఇచ్చారు. ఇచ్చిన చేతులేం అరిగిపోలేదు.

మావయ్య: అవి ఇవ్వాల్సినవే, ఇచ్చారు. చీతా మీ గుండు ఎక్కడ పడిందో చూసి చెబుతుంది. ఆ పని మీకే కావాలి. ఒక్కరికే పనికొచ్చేది ఆ ఒక్కరికే ఇవ్వాలి. పదిమందికి పనికొచ్చేది ఉమ్మడిగా ఉండాలి. ఊరి చెరువు నీళ్ళు అందరి చేలకీ వెళ్తాయి గానీ, తూము తాళం ఒకరి దగ్గరే ఉంటుంది.

అప్పటికి రన్‌వే చివరికి వచ్చాం. ఎండ ఎక్కుతోంది. పెదనాన్న ఒక పక్కగా కూర్చున్నారు. గొంతు మారింది. థియేటర్లు, కమాండులు అన్నీ పక్కకి పోయాయి.

పెదనాన్న: నేను 1999 కార్గిల్ యుద్ధంలో ద్రాస్‌లో ఉన్నాను. నువ్వు తాళం అంటున్నావు. ఆ తాళం కోసం మేం ఎన్ని రోజులు చూశామో తెలుసా? మే మొదటివారంలోనే కొండల పైన పాకిస్తాన్ మనుషులున్నారని తెలిసింది. మీ విమానాలు వచ్చింది 26న. మూడు వారాలు! ఈలోగా కుర్రాళ్ళని ఆ నిలువు కొండల మీదికి ఎక్కించాం. కనీసం హెలికాప్టర్లివ్వండని మా వాళ్ళు అడిగారు. ఢిల్లీలో ఎవరు ఎవరికి ఉత్తరం రాయాలన్న దాని మీద రోజులు గడిచాయి. నా గన్ పొజిషన్ పక్కనుంచే దింపేవారు, స్ట్రెచర్ల మీద. హెలికాప్టర్ మా కమాండర్‌ది అయ్యుంటే ఆయన ఆ పూటే పంపేవాడు.

మావయ్య: (చాలాసేపటికి) పంపేవారు. నిజమే. పంపి ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పనివ్వండి. నేను అప్పుడు శ్రీనగర్‌లో సార్జెంటుని. దాడి కోసమే చేసిన మా హెలికాప్టర్లు ఆ ఎత్తుకి లేవవు. రాకెట్లు కట్టిన ఎంఐ-17లు లేస్తాయి గానీ పైన కూర్చున్నవాడి భుజం మీద స్టింగర్ క్షిపణి ఉంది. మా చీఫ్ టిప్నిస్ గారు భయపడింది దానికే. ప్రభుత్వం 25న ఒప్పుకుంది, నియంత్రణ రేఖ దాటొద్దని కట్టడి పెట్టి. 27న రెండు ఫైటర్లు పోయాయి. 28న ఒక ఎంఐ-17 టోలోలింగ్ కొండ మీదికి వెళ్ళి తిరిగి రాలేదు. ఇద్దరు ఆఫీసర్లు, ఇద్దరు సార్జెంట్లు. ఆ ఇద్దరూ నా ర్యాంకు వాళ్ళే. విమానం లేచే ముందు మేం ఒక ఫారం మీద సంతకం పెడతాం, ఇది ఎగరడానికి సిద్ధంగా ఉందని. తిరిగొచ్చాక పైలట్ పెడతాడు. ఆ రెండో సంతకం లేని ఫారం చూడటం ఎలా ఉంటుందో మీకు తెలీదు.

పెదనాన్న: (నెమ్మదిగా) తెలీదు.

మావయ్య: ఆ రోజు నుంచి హెలికాప్టర్లని దాడికి ఆపేశారు. ఫైటర్లు ఎత్తు మార్చాయి. గ్వాలియర్ నుంచి మిరాజ్ ఫైటర్లు ఆదంపూర్ వచ్చాయి. మామూలు వెయ్యి పౌండ్ల బాంబుకి లేజర్ కిట్టు తగిలించి జూన్ 24న టైగర్ హిల్ మీద వేశాయి. మీరు చూసే ఉంటారు.

పెదనాన్న: చూశాను. మా గన్నులు ఎన్ని రోజులుగా కొడుతున్న చోటో అది. చూశాను గనకే అడుగుతున్నాను. అది జూన్ 24. మే 24 ఎందుకు కాలేదు?

దీనికి మావయ్య దగ్గర జవాబు లేదు. నాకూ లేదు. అదే విమానం, అదే కొండ. మధ్యలో పోయిన నెలలో ఎంతమంది ప్రాణాలున్నాయో ద్రాస్ స్మారకం గోడ మీద పేర్లు చూస్తే తెలుస్తుంది.

పెదనాన్న: ఇంకోటి కూడా అడుగుతాను, కోపం తెచ్చుకోకు. 2019 ఫిబ్రవరి 27. బుద్గాం. మన ఎంఐ-17ని మన క్షిపణే కొట్టింది. మీ వాళ్ళు ఆరుగురు, కింద ఒక ఊరి మనిషి. హెలికాప్టర్ మీది, క్షిపణి మీది, రాడార్ మీది. తూము తాళం కూడా మీ దగ్గరే ఉంది. అంతా ఒకే చేతిలో ఉన్నచోట జరిగింది ఇది.

మావయ్య: అది మా తప్పని మా చీఫే బయటికి చెప్పారు. ఆకాశంలో ఎవరెవరున్నారో అందరికీ ఒకే బొమ్మ కనపడకపోతే, చెయ్యి ఒకటైనా రెండైనా అంతే. అందుకేనండి నేను మొదట్నుంచీ మ్యాపు అంటోంది. ఈ మేలో ఆపరేషన్ సిందూర్ అప్పుడు ఏం జరిగింది? మా గగన రక్షణ నెట్‌వర్కు ఐఏసీసీఎస్సూ, మీ ఆర్మీది ఆకాశ్‌తీరూ కలిసి పనిచేశాయి. మీ గన్నులు, మా క్షిపణులు ఒకే బొమ్మ చూస్తూ డ్రోన్లని దింపాయి. థియేటర్ కమాండరు ఎవరూ లేరు. మా చీఫ్ ఏపీ సింగ్ గారు ఆగస్టులో మౌలో చెప్పిందీ అదే. తొందరపడొద్దు, ముందు ఢిల్లీలో మూడు సైన్యాలూ కలిసి ప్లాను వేసుకునే కేంద్రం ఒకటి పెట్టుకుందాం అని.

పెదనాన్న: మళ్ళీ ఢిల్లీ! బొమ్మ కలిసిందిగా. ఇప్పుడు ఆ బొమ్మ ముందు ఒక మనిషిని కూర్చోబెట్టడానికి ఏం అడ్డం? అండమాన్‌లో 2001 నుంచి మూడు సైన్యాలకీ ఒకే కమాండరు ఉన్నాడు. ఆకాశం ఊడి పడలేదు.

మావయ్య: అండమాన్ దీవులండి. అక్కడున్నది అక్కడే ఉంటుంది.

పెదనాన్న: సరే, నీ ట్యాంకర్లు, ఫాల్కన్లు ఢిల్లీలోనే ఉంచుకో. తంజావూరు కూడా ఉంచుకో. నాకు ద్రాస్‌లో ఒక కమాండరు ఉండాలి. రేపు ఇన్ని సార్టీలు నీవి, ఎక్కడ కావాలో నువ్వే చెప్పు అని ఆయనకి ముందుగా రాసి ఇవ్వాలి. ఉత్తరాలు లేకుండా.

మావయ్య నిలబడిపోయారు. ఈ ఉదయమంతా ఇద్దరి మాటా ఇంత దగ్గరగా రాలేదు.

మావయ్య: ముందుగా రాసివ్వడానికి నాకేం అభ్యంతరం లేదు. ఆయన పక్కన మా పైలట్ ఒకడు కూర్చోవాలి. ఆ విమానం అక్కడికి వెళ్ళగలదా లేదా అన్నది వాడు చెప్పాలి. వద్దంటే వినాలి.

పెదనాన్న: వద్దంటే వినాలా?

మావయ్య: 28న వినాల్సిందండి.

పెదనాన్న: మరి వాడు మూడు వారాలు వద్దంటూ కూర్చుంటే?

ఎండ బాగా ఎక్కింది. ఇద్దరూ వెనక్కి తిరిగి నడక మొదలెట్టారు. ఆ ప్రశ్న రన్‌వే పొడుగునా సాగింది. ఇంటి దగ్గర కాఫీ చల్లారే దాకా కూడా తెమల్లేదు.